ఎనిమిది ముక్కుల పిపెట్ యంత్రం: 14 నెలల వాడకం తర్వాత

పిపెట్ అంటే ద్రవాన్ని కొలిచి పీల్చి పోసే ల్యాబ్ పరికరం. ఈ యంత్రం ఆ పనిని ఎనిమిది ముక్కులతో ఒకేసారి చేస్తుంది. దీనికి ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. యంత్రానికి నాలుగు, దాన్ని మాకు అమ్మి మరమ్మతులు చూస్తున్న ఏజెన్సీకి మూడు, సగటు అలా తేలింది. కంపెనీ పేరు రాయడం లేదు. పిస్టనుకూ ద్రవానికీ నడుమ కాస్త గాలి ఉండి, ఆ గాలిని లాగితే ద్రవం పైకెక్కే రకం యంత్రం ఏది కొన్నా నేను పడిన తిప్పల్లో ముప్పాతిక మీరూ పడతారు. పేరు తెలిసినంత మాత్రాన అవి తగ్గవు.

నాచారం పారిశ్రామికవాడలో పశువుల రోగాలను రక్తంలో పట్టిచ్చే ఎలైజా పరీక్ష కిట్లు తయారు చేసే చిన్న సంస్థలో నాణ్యత విభాగం నాది. రోజుకు పది పన్నెండు ప్లేట్లు నడుస్తాయి. ఒక్కో ప్లేటులో 96 వెల్స్, అంటే చిన్న చిన్న గుంటలు. ప్రతి గుంటలో 190 మైక్రోలీటర్ల బఫర్, అంటే పలచన చేసే ద్రవం, దానిలో 10 మైక్రోలీటర్ల గేదె సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం. కంటిలో వేసుకునే మందు చుక్కలో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది ఆ పది. అది అటూ ఇటూ అయితే సరిహద్దులో ఉన్న నమూనా గీత దాటిపోతుంది. పశువుల్లో గర్భస్రావం తెచ్చే అంటురోగం బ్రూసెల్లోసిస్ లేని గేదెకు ఉన్నట్టు వస్తే, పాపం ఆ రైతు సంగతి ఏమిటో ఆలోచించండి.

కాలేజీలో గాజు పిపెట్‌ను నోటితో పీల్చిన చివరి తరాల్లో మాది ఒకటి. పిస్టను, స్ప్రింగు, ఊడదీసే ప్లాస్టిక్ మొనతో ఇప్పటి పిపెట్‌కు మూలరూపాన్ని 1957లో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో హైన్‌రిష్ ష్నిట్గర్ అనే డాక్టరు తయారు చేశాడు. నేను చదివిన ల్యాబుకు అది చేరడానికి నలభై ఏళ్లు పట్టింది. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు నేనూ దాన్ని వదల్లేదు. మా అమ్మ రోట్లో పచ్చళ్లు నూరి నూరి మణికట్టు పోగొట్టుకుంటే, నేను పిపెట్ నొక్కి నొక్కి కుడి బొటనవేలు పోగొట్టుకున్నాను. తార్నాకలో ఎముకల డాక్టరు చూసి, ఈ పని మానేయమన్నారు. మానేస్తే జీతం ఎవరిస్తారని అడగలేదు గానీ, యజమాని గారి దగ్గరకు వెళ్లి యంత్రం కొనమని అడిగాను. ధర వినగానే ఆయన, ఆ డబ్బుతో కొత్త కారు వస్తుంది కదమ్మా అన్నారు. కారు ప్లేట్లు నింపదు సార్ అన్నాను.

కొనే ముందు ఉప్పల్‌లోని ఏజెన్సీ కార్యాలయంలో డెమో చూపించారు. చల్లటి గది, కొత్త టిప్స్ (ఊడదీసే ప్లాస్టిక్ మొనలు), స్వచ్ఛమైన నీళ్లు, 100 మైక్రోలీటర్లు. ఎనిమిది ముక్కులూ ఒక్కసారి దిగి, ఒక్కసారి లేచి, ప్లేటంతా నింపేశాయి. సీవీ అర శాతం వచ్చిందని తెర మీద చూపించారు. సీవీ అంటే కొలతలు ఒకదానితో ఒకటి ఎంత చెదిరాయో సగటులో శాతంగా చెప్పే అంకె. చూసి ముచ్చటపడ్డాను. నా తప్పు అక్కడే ఉంది. నేను నీళ్లు అమ్మను. నా సీరంతో, నా 10 మైక్రోలీటర్లతో డెమో అడగాల్సింది. మీరు కొనేటప్పుడు మీ ద్రవం సీసా చేతిలో పట్టుకుని వెళ్లండి. మీ ప్లేట్లు కూడా. ప్లేటు 127.76 మిల్లీమీటర్ల పొడవు, 85.48 వెడల్పు ఉండాలని, వెల్స్ మధ్య దూరం 9 మిల్లీమీటర్లు ఉండాలని ప్రమాణం ఉంది. వెల్ ఎంత లోతుండాలో మాత్రం తయారీదారు ఇష్టం. ముక్కు అడుగుకు తగిలి నోరు మూసుకుపోతే ద్రవం ఎటు పోతుంది?

మా దగ్గర యంత్రం పెట్టింది ఏప్రిల్‌లో. మొదటి రోజే సీరంతో పరీక్షించాను. సగటు 9.3 మైక్రోలీటర్లు, సీవీ 1.1 శాతం. అదే సీరంతో, అదే రోజు, మా దగ్గర పదేళ్లుగా పిపెట్ పట్టిన అమ్మాయి చేత్తో పోస్తే సగటు 9.9, సీవీ 4.3 శాతం. ఈ రెండు వరుసలనూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను. మనిషి చెయ్యి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పోసి, మొత్తానికి పదికి దగ్గరగా తెచ్చింది. యంత్రం ప్రతిసారీ ఒకే కొలత పోసింది, ప్రతిసారీ ఏడు శాతం తక్కువ పోసింది. మా ఇంట్లో గోడ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి ఎవరికీ బస్సు తప్పదు, చుట్టాలు వస్తేనే ఇబ్బంది. యంత్రం తప్పూ అలాంటిదే. ఎంత తప్పో తెలిసిన రోజున దిద్దుకోవచ్చు. తెలియకపోతే 96 వెల్సూ ఒకే అబద్ధం చెబుతాయి, అన్నీ ఒకటే చెబుతున్నాయి కాబట్టి మనం నమ్ముతాం.

ఈ కొలత ఎలా తీశానో చెప్పాలి, ఎందుకంటే దీనికి ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. సగటు కోసం తక్కెడ, చెదరడం కోసం రంగు. ముందుగా ప్లేటులో 190 చొప్పున నీళ్లు పోసి తూచాను. యంత్రం చేత 96 వెల్స్‌లోనూ సీరం వేయించి మళ్లీ తూచాను. ఒక్క చుక్కను తూచాలంటే సూక్ష్మమైన తక్కెడ కావాలి. 96 చుక్కలు కలిపితే దాదాపు ఒక గ్రాము, దానికి మామూలు నాలుగు దశాంశాల తక్కెడ చాలు. మా సీరం సాంద్రత 1.025, కాబట్టి 984 మిల్లీగ్రాములు రావాలి. వచ్చింది 915. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్లేటు నిండే నాలుగు నిమిషాల్లో నీళ్లు ఆవిరవుతూ ఉంటాయి. అందుకని పక్కనే అదే కొలతలో నీళ్లు పోసిన మరో ప్లేటు పెట్టి, అది ఎంత తగ్గిందో అంత కలుపుకుంటాను. పైన చెప్పిన 915 అలా కలిపాక వచ్చిన అంకె. మే నెలలో ఒక మధ్యాహ్నం ఈ తగ్గుదల 22 మిల్లీగ్రాములు తేలింది. అంటే రెండు శాతానికి పైనే, ఉత్త గాలికి పోయింది! అది కలపకుండా లెక్క కట్టి యంత్రాన్ని తిట్టేవాళ్లు చాలామంది ఉంటారని నా అనుమానం. మొదటి రోజు నేనూ తిట్టాను.

రంగు కోసం వాడింది టార్‌ట్రజిన్, జిలేబీల్లోనూ లడ్డూల్లోనూ కలిపే పసుపు రంగే. ఇది 427 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీలుస్తుంది. ప్లేటులో రంగు ఎంత గాఢమో చదివే ఎలైజా రీడర్‌లో మామూలుగా ఉండే 405 నానోమీటర్ల ఫిల్టర్‌తోనూ చక్కగా చదవవచ్చు. సీరంలో కొంచెం రంగు కలిపి యంత్రం చేత వేయించి, ప్లేటును ఊపి, రీడర్‌లో పెడితే ఏ వెల్‌లో ఎంత పడిందో 96 అంకెలు ఒక నిమిషంలో వస్తాయి. తక్కెడ సగటు ఒక్కటే చెబుతుంది. రంగు మాత్రం దొంగ ఏ వరుసలో ఉన్నాడో చూపిస్తుంది. ఈ దొంగ సంగతి తర్వాత చెబుతాను.

9.3 ఎందుకు వచ్చింది? సీరం నీళ్లకన్నా చిక్కన. టిప్ సన్నటి నోటిలోంచి నెమ్మదిగా ఎక్కుతుంది. యంత్రం నీళ్ల లెక్కతో చటుక్కున పీల్చి, ద్రవం పూర్తిగా ఎక్కకముందే పైకి లేచిపోతోంది. వదిలేటప్పుడు కూడా లోపలి గోడకు పలచటి పొర అంటుకుని ఉండిపోతోంది. ఇంజినీరు అబ్బాయికి ఫోను చేస్తే, "మేడమ్, సెట్టింగ్‌లో 10 బదులు 10.7 అని పెట్టేయండి, సరిపోతుంది" అన్నాడు. ఆ రోజుకు సరిపోయేది, నిజమే. రేపు ఇంకో గేదె సీరం ఇంకొంచెం చిక్కగా వస్తే? దిద్దుబాటు అంకె చివరగా వేసుకునేది, మొదట కాదు. ముందు భౌతికంగా జరుగుతున్న తప్పును ఆపాలి.

మూడు రోజులు కూర్చున్నాం, నేనూ, పదేళ్లుగా పిపెట్ పట్టిన ఆ అమ్మాయీ. పీల్చే వేగం మూడో వంతుకు తగ్గించాం. పీల్చాక ఒక సెకను ద్రవంలోనే ఆగమన్నాం. టిప్ ద్రవంలో రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే మునిగేలా ఎత్తు సరిచేశాం. ఎక్కువ మునిగితే బయటి గోడకు అంటిన సీరం కూడా ప్లేటులోకి వస్తుంది, అది వేరే తప్పు. గాలిలో చుక్క జారవిడిచే బదులు బఫర్‌కు టిప్ తగిలించి వదలమన్నాం. అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇచ్చింది చివరి మార్పు: వదిలాక అదే బఫర్‌ను రెండుసార్లు టిప్‌లోకి పీల్చి వదలడం. చారు పోశాక గరిటెను గిన్నెలో జాడించినట్టు. గోడకు అంటిన సీరం అంతా దిగిపోయింది. సగటు 9.85కు వచ్చింది. మిగిలిన దానికి చిన్న దిద్దుబాటు వేస్తే 9.95. సీవీ 1.2. ఈ అంకె కోసమే కొన్నాం, మూడు రోజుల కష్టం తర్వాత వచ్చింది. ఆ కష్టం అమ్మకం పత్రంలో ఎక్కడా లేదు.

ఇంకో మాట, ఈ వేగాలూ ఆగే సమయాలూ మార్చే పేజీకి మొదట తాళం ఉంది. తెరవడానికి "అప్లికేషన్ సేవ" అని వేరే బిల్లు వేశారు. మూడు ఈమెయిళ్లు రాశాక బిల్లు మాఫీ చేశారు. కొనేటప్పుడే ఆ తాళం చెవి మీకు ఇస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

హైదరాబాద్ ఎండాకాలం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. యంత్రం పుస్తకంలో ఎక్కడా మన మే నెల లేదు. గదిలో తేమ బాగా పడిపోయిన రోజు కొత్త టిప్‌తో పీల్చిన మొదటి కొలత తక్కువ వస్తుంది, తర్వాతివి సర్దుకుంటాయి. టిప్ లోపలి గాలి పొడిగా ఉండి, ద్రవంలోంచి తేమ తాగేస్తుంది. తాగాక కడుపు నిండి ఊరుకుంటుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు మూడుసార్లు పీల్చి వదిలి టిప్‌ను తడపమని ప్రోగ్రాంలో రాశాం. ఇంకో సంగతి ఫ్రిజ్‌లోంచి తీసిన రియేజెంట్, అంటే పరీక్షలో వాడే రసాయన ద్రవం. 4 డిగ్రీల ద్రవం ఎక్కగానే టిప్‌లోని వెచ్చటి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, దాంతో అనుకున్నదానికన్నా ఎక్కువ ఎక్కుతుంది. ఇప్పుడు సీసాలన్నీ గది వేడికి వచ్చాకే బల్ల ఎక్కుతాయి. టీ తాగి వచ్చేంత సేపు ఆగాలి. ఈ నియమాన్ని మా పిల్లలెవరూ ఇంతవరకు ఉల్లంఘించలేదు.

సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నాం కాబట్టి గాలి ఒత్తిడి తక్కువ. టిప్‌లో వేలాడే ద్రవం బరువుకు లోపలి గాలి సముద్రతీరంలో కన్నా కాస్త ఎక్కువ సాగుతుంది, ఆ మేరకు ద్రవం తక్కువ ఎక్కుతుంది. ప్రభావం చిన్నదే. అయినా ఫ్యాక్టరీలో ఇచ్చిన సర్టిఫికెట్ ఫ్యాక్టరీ ఉన్న ఊరిదని గుర్తుంచుకుంటే చాలు.

ఇక దొంగ సంగతి. అక్టోబరులో ఒక సోమవారం రంగు ప్లేటు చదివితే ఎఫ్ వరుస మొత్తం పాలిపోయి ఉంది. రీడర్ అంకె మిగతా వరుసల్లో 0.81 దగ్గర ఉంటే ఎఫ్‌లో 0.75. ప్లేటులో వరుసలు ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది, ముక్కులూ ఎనిమిది, అంటే ఆరో ముక్కు. అప్పుడే టిప్స్ కూడా మార్చాం, అసలు వాటిలో మూడో వంతు ధరకు దొరికే వేరే రకానికి. నేరం వాటిదే అనుకున్నాను. పాత టిప్స్ మళ్లీ పెడితే మిగతా వరుసల్లో చెదరడం తగ్గింది, కాబట్టి చవక టిప్స్‌కూ కొంత పాపం ఉంది. ఎఫ్ మాత్రం పాలిపోయే ఉంది. యంత్రం చేత నీళ్లు పీల్పించి ముప్పై సెకన్లు గాలిలో ఆపి ఉంచాం. ఏడు ముక్కులు బిగపట్టుకున్నాయి. ఆరో దాని కొసన చుక్క ఊరింది. టిప్ బిగించే చోట ఉండే ఓ-రింగు అనే రబ్బరు వలయం అరిగిపోయి గాలి కారుతోంది.

ఏజెన్సీకి చెప్పాను. మొదటి జవాబు: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలి. అప్‌డేట్‌తో రబ్బరు ఎలా కొత్తది అవుతుందో నేను అడిగాను, వాళ్లు చెప్పలేదు. తర్వాత విడిభాగం బెంగళూరు నుంచి రావాలన్నారు. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఏడు వరుసలు యంత్రం, ఎఫ్ వరుస నేనూ పోశాం. రోజుకు పన్నెండు ప్లేట్లంటే 144 చుక్కలు. బొటనవేలు పాత స్నేహాన్ని గుర్తుపట్టింది. చివరికి వచ్చిన ఇంజినీరు మంచివాడు, పని తెలిసినవాడు. ఇరవై నిమిషాల్లో ఎనిమిదికి ఎనిమిది ఓ-రింగులూ మార్చి, ఎలా మార్చాలో మా వాళ్లకు నేర్పి, చేతులు కడుక్కుని వెళ్లాడు. ఇరవై నిమిషాల పని, రింగు ధర ఒక బిర్యానీ అంత కూడా ఉండదు. అది స్టాకులో లేక పదకొండు రోజులు. ఏజెన్సీకి మూడు మార్కులే ఎందుకు ఇచ్చానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ అబ్బాయి వల్లే మూడు, లేకపోతే రెండు.

వార్షిక క్రమాంకనానికి, అంటే కొలతలు సరిగ్గా ఉన్నాయో చూసే తనిఖీకి, వాళ్లు వేరే సంస్థ మనిషిని పంపారు. పెట్టె తెరిస్తే నాలుగు దశాంశాల తక్కెడ. ఒక్కో చుక్కను విడిగా తూచి 10 మైక్రోలీటర్లకు సర్టిఫికెట్ ఇస్తానన్నాడు. 10 మైక్రోలీటర్ల నీళ్లంటే 10 మిల్లీగ్రాములు. ఆ తక్కెడ చూపగలిగే అతి చిన్న అంకె 0.1 మిల్లీగ్రాము, అంటే దానికదే ఒక శాతం. యంత్రం చెదిరేదే ఒక శాతం అయితే దాన్ని ఒక శాతం గుడ్డి తక్కెడతో ఎలా చూస్తావు నాయనా అని అడిగాను. పైగా దాన్ని ఏసీ గాలి కింద పెట్టాడు. కాఫీ ఇచ్చి పంపించేశాను. రెండో విడత సరైన తక్కెడతో ఇంకొకరు వచ్చారు. ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందని చెప్పడం సరిపోదు. ఆ గుర్తింపు పరిధి పత్రంలో మీకు కావలసిన చిన్న కొలత ఉందో లేదో చూడాలి. అలాగే అంతర్జాతీయ ప్రమాణాలు కూడా వేరువేరు: చేతి పిపెట్లకు ఐఎస్ఓ 8655, ఆటోమేటిక్ యంత్రాలకు 2022లో వచ్చిన ఐఎస్ఓ 23783. మాకు మొదట వచ్చిన నివేదికలో ఉన్నది చేతి పిపెట్ల ప్రమాణమే. ఇప్పుడు ఏ ద్రవం, ఏ టిప్, ఎంత కొలత, ఏ సెట్టింగ్ అని నాలుగూ రాయకపోతే నేను సంతకం పెట్టడం లేదు.

చిన్న చిన్న ఫిర్యాదులు: కరెంటు పోతే యంత్రం ఎక్కడ ఆగిందో మరిచిపోతుంది, సగం నిండిన ప్లేటును పారేయాల్సిందే. యూపీఎస్ తప్పనిసరి, ధరలో కలపరు. సీరం నురగ కడితే ద్రవం పైమట్టాన్ని పసిగట్టే ఏర్పాటు నురగనే ద్రవం అనుకుని గాలి పీలుస్తుంది. సీరం గొట్టాలను ఊపకుండా, కాసేపు నిలబెట్టి పెట్టాలి. చప్పుడు ఫర్వాలేదు, రేడియో వినవచ్చు.

యంత్రానికి నాలుగు ఎందుకంటే, ఒకసారి నేర్పిన పనిని అది మరిచిపోలేదు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి పోసిన ప్లేటుకూ సోమవారం ఉదయం పోసిన ప్లేటుకూ తేడా లేదు. మనుషుల విషయంలో, నాతో కలిపి, ఆ మాట అనలేను. ఒకే కిట్‌ను రెండు బ్యాచ్‌లలో పరీక్షిస్తే వచ్చే తేడాలపై మేము జరిపే చర్చలు సగానికి సగం తగ్గాయి. తిరిగి చేసే ప్లేట్లు వారానికి ఐదారు ఉండేవి, ఇప్పుడు ఒకటో రెండో. ప్రతి సోమవారం ఒక రంగు ప్లేటు, నెలకోసారి తక్కెడ, మూడు నెలలకోసారి ముప్పై సెకన్ల కారుడు పరీక్ష అన్న క్రమం పెట్టుకున్నాం. ఈ పని చూసుకునే మనిషి మీ దగ్గర లేకపోతే యంత్రం కొనకండి. రోజుకు మూడు ప్లేట్లకు మించని ల్యాబ్ అయినా కొనకండి. మంచి ఎలక్ట్రానిక్ మల్టీచానెల్ పిపెట్ తీసుకుని మిగిలిన డబ్బు ఇంకో పనికి వాడుకోండి.

వచ్చే నెల వార్షిక ఒప్పందం గడువు తీరుతుంది. ఓ-రింగులు రెండు సెట్లు ఎప్పుడూ మా బీరువాలో ఉండాలని, సీరంతో కూడా పరీక్షించి అంకెలు ఇవ్వాలని రెండు షరతులు రాసి పంపాను. మొదటి దానికి సరే అన్నారు. రెండో దానికి ఇంకా జవాబు రాలేదు.